కోనసీమ ఏటిగట్టు: ఎంత ఎత్తు, ఎంత కాపలా

ధవళేశ్వరం దగ్గర నమోదైన మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 1986 ఆగస్టులో 35.06 లక్షల క్యూసెక్కులు. 2006 ఆగస్టులో దాదాపు 28.5 లక్షలు. 2022 జూలైలో దాదాపు 25.8 లక్షలు. 1986లో గోదావరి గట్లు చాలాచోట్ల తెగాయి. దానికన్నా ఆరున్నర లక్షల క్యూసెక్కులు తక్కువ వచ్చిన 2006లోనూ తెగాయి: అయినవిల్లి మండలం శానపల్లిలంక దగ్గర, పి.గన్నవరం మండలం మొండెపులంక దగ్గర. 2022లో కోనసీమను ముంచేంత గండి పడలేదు. కానీ గట్టు వెంబడి ఊళ్లలో జనం రాత్రంతా ఇసుక బస్తాలు మోస్తూనే ఉన్నారు. 1986 తర్వాత గట్లు ఆ వరద మట్టాన్ని దాటి ఉండాలని నిర్ణయించారు. వరద పరిమాణాన్ని బట్టే గట్టు నిలవడమో తెగడమో జరిగితే 2006లో ఆ రెండు గండ్లు పడకూడదు. నీటి ఎత్తుతోబాటు ఇంకేదో పనిచేస్తోంది. వరద వచ్చినప్పుడల్లా మనం గట్టు ఎత్తు గురించి మాట్లాడతాం. ఆ ఇంకోదాని గురించి మాట్లాడేది తక్కువ.

ఏటిగట్టు పొడుగ్గా సాగిన చిన్న మట్టి ఆనకట్టే. అయితే చెరువుకట్టకూ దీనికీ ఒక తేడా ఉంది. చెరువుకట్ట ఏడాదిలో ఎక్కువ కాలం నీటిని ఆనుకునే ఉంటుంది. ఎక్కడ చెమ్మ ఊరుతోందో, ఎక్కడ జారుతోందో ఊరివాళ్ల కళ్లకు కనిపిస్తూ ఉంటుంది. ఏటిగట్టు ఏడాదిలో పదకొండు నెలలు పొడిగా పడి ఉంటుంది. ఎండకు బీటలిస్తుంది, తుప్పలు మొలుస్తాయి, ఎలుకలూ పందికొక్కులూ బొరియలు తవ్వుకుంటాయి. మిగతా కొద్ది రోజుల్లో, ఒక్కసారిగా, రెండు మూడు నిలువుల నీటిని ఆపాలి. లోపల ఏం జరిగిందో ఆ రోజుదాకా ఎవరికీ తెలియదు.

కోనసీమకు ఈ గట్టు ఎందుకింత ముఖ్యమో తెలియాలంటే నేల వాలు తెలియాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. ఈ రెండు పాయల నడుమ ఉన్నది మధ్య డెల్టా, దాదాపు రెండు లక్షల ఎకరాల ఆయకట్టు. మధ్యలో వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి, అమలాపురం వైపునూ రాజోలు వైపునూ వేరుచేస్తూ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వసిష్ఠ అంతర్వేదికి పోతుంది. అంటే రాజోలు సీమకు రెండు వైపులా ఏరు, మూడోవైపు సముద్రం. మామూలుగా నేల ఏటివైపు వాలి ఉంటుందనుకుంటాం. డెల్టాలో అలా ఉండదు. వేల ఏళ్లుగా వరద పొర్లినప్పుడల్లా బరువైన ఇసుక, ఒండ్రు ఒడ్డునే దిగిపోయి ఏటి అంచు మెరకైంది. లోపలికి పోయేకొద్దీ పల్లం. అందుకే గండి పడితే వచ్చిన నీరు వరద తగ్గాక మళ్లీ ఏట్లోకి పోదు. వాలు వెంట పల్లపు చేలలోకి, బాడవల్లోకి దిగి, ఎప్పటికో మురుగు కాలువల దారిన సముద్రానికి చేరాలి. గండి ఉన్నచోట పెద్ద మడుగు పడుతుంది, దాని వెనక పొలాల్లో ఇసుక మేటలు వేస్తుంది. ఆ ఇసుక తీయించి మళ్లీ నాట్లు వేయడానికి రైతుకు పట్టే కాలం, ఖర్చు ఏ నష్టపరిహారం లెక్కలోకీ పూర్తిగా రావు.

గోదావరికి గట్లు వేయడం కాటన్‌తో మొదలు కాలేదు. అంతకుముందే జమీందార్లు, ఊళ్లు తమ తమ మేరకు ముక్కలు ముక్కలుగా కట్టలు వేసుకున్నాయి. ఒకరి కట్ట గట్టిపడితే ఎదుటి ఒడ్డు తెగేది. 1830ల కరువు, 1839 కోరంగి తుపాను తర్వాత గోదావరి జిల్లా దీనస్థితిలో ఉన్నప్పుడు ఆర్థర్ కాటన్ వేసిన పథకంలో ఆనకట్ట ఒక భాగం. కాలువలు, దారులు, వరద గట్లు మిగతా భాగాలు. 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆ పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రాజోలు వైపు నీళ్లివ్వడానికి వైనతేయ మీద గన్నవరం అక్విడక్టు కట్టింది కూడా ఆ కాలంలోనే. ఇప్పుడు దాని పక్కనే ఉన్న కొత్త అక్విడక్టుకు లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. మనం గుర్తుపెట్టుకునేది ఆనకట్టను, కాలువలను. గట్లను గుర్తుపెట్టుకోం. కానీ గట్లు లేకపోతే ఆ కాలువల కింద మూడేళ్లకొక పంట ఇసుక కిందికి పోయేది.

ఆనకట్టగానీ, దాని స్థానంలో 1970లో మొదలై 1982కి పూర్తయిన కాటన్ బ్యారేజీగానీ వరదను ఆపవు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, ఎందుకంటే ప్రతి వరదలోనూ "బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలేశారు" అన్న నింద మళ్లీ పుడుతుంది. బ్యారేజీలో పట్టేది మూడు టీఎంసీలకు లోపు. పది లక్షల క్యూసెక్కుల వరద వస్తే ఆ జాగా గంటలోపే నిండిపోతుంది. అందుకే వరద రోజుల్లో 175 గేట్లూ పైకెత్తి వచ్చింది వచ్చినట్టు కిందికి పంపిస్తారు. ఆ కింద కోనసీమకు ఉన్న ఒకే ఒక్క అడ్డు మట్టి గట్టు.

మట్టి గట్టు ఎలా తెగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. మన వాదాలన్నీ అక్కడే దారి తప్పుతున్నాయి.

అందరికీ తెలిసింది ఒకటే: నీరు గట్టు మీదుగా పొర్లడం. ఇది నిజంగా ప్రాణాంతకం. 2021 నవంబర్ 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది ఇలాగే. ఎగువన పింఛా కట్ట తెగి వచ్చిన నీరు తోడై, గేట్ల గుండా పోగలిగినదాన్ని మించిపోయింది. మట్టికట్ట మీదుగా నీరు పారడం మొదలైతే వెనకవైపు వాలును కోసుకుంటూ గంటల్లోనే మొత్తం తీసుకుపోతుంది. ఎత్తు పెంచడం ఈ ఒక్క ప్రమాదానికి మందు.

రెండోది ఊట. గట్టు కింద పాత పాయ ఇసుక పొర ఉంటే ఏటి నీరు ఆ పొర గుండా అడుగునుంచి అవతలికి పోతుంది. గట్టు వెనక పొలంలోనో, ఇళ్ల పెరడులోనో బుడబుడమంటూ నీరు ఉబుకుతుంది. తేట నీరు వస్తున్నంతసేపు ఫర్వాలేదు. ఆ నీటితో ఇసుక బయటికి వస్తోందంటే గట్టు అడుగు ఖాళీ అవుతోందన్నమాట. ఎలుక బొరియ, ఎండిపోయిన పాత చెట్టు వేరు, పాత తూము పక్కన సరిగా దిమ్మిస చేయని మట్టి, వీటన్నిటి వెంటా ఇదే జరుగుతుంది. జనం 'బుంగ పడింది' అంటారు. బుంగ పడ్డాక చుట్టూ బస్తాలతో తొట్టిలా కట్టి, లోపల నీటిమట్టం పెరగనిచ్చి ఒత్తిడి తగ్గించాలి. ఆదుర్దాలో బుంగ నోటిలోనే బస్తాలు కుక్కితే నీరు పక్కనుంచి ఇంకో నోరు తెరుచుకుంటుంది.

మూడోది కోత. ఏరు వంపు తిరిగే చోట ప్రవాహం ఒడ్డు పాదాన్ని తవ్వేస్తుంది. పైన గట్టు నిటారుగా, అందంగా కనబడుతూనే ఉంటుంది; కింద ఆసరా పోతూ ఉంటుంది. కొత్తపేట నియోజకవర్గంలో ఆలమూరు మండలం బడుగువానిలంక కోత గురించి ఎన్నేళ్లుగానో వింటున్నాం. కొబ్బరితోటలు, తమలపాకు తోటలు, ఇళ్ల స్థలాలు ఏట్లో కలిసిపోయిన కుటుంబాలు కోనసీమ లంకలన్నిటా ఉన్నాయి. కోత గట్టుదాకా వచ్చినప్పుడే ప్రభుత్వానికి అది అత్యవసరమవుతుంది. అంతవరకు అది లంకరైతు సొంత కష్టం.

నాలుగోది చాలామంది పట్టించుకోనిది: వరద తగ్గేటప్పుడు జారడం. రోజుల తరబడి నానిన గట్టు లోపల నీరు నిండి బరువెక్కి ఉంటుంది. ఏటి మట్టం వేగంగా పడిపోతే బయటినుంచి ఆనుకుని నిలబెట్టిన నీరు పోయి, ఏటివైపు వాలు విరిగి కూలుతుంది. వరద తగ్గిందని జనం ఇళ్లకు వెళ్లిన రెండో రోజు జరిగే ప్రమాదం ఇది.

ఈ నాలుగింట్లో మూడింటికి గట్టు ఎత్తుతో సంబంధం లేదు. అన్నీ గట్టు పాదం దగ్గరో, కడుపులోనో మొదలవుతాయి. పైగా వాటికి వరద ఎత్తుతోబాటు వరద ఎన్ని రోజులుందన్నది ముఖ్యం. ఒక్క రోజు చాలా ఎత్తున వచ్చి పోయిన వరదకన్నా, కొంచెం తక్కువ ఎత్తులో అయిదారు రోజులు నిలబడ్డ వరదే గట్టును ఎక్కువగా నానబెడుతుంది. అమావాస్య, పౌర్ణమి పోటు తగిలితే అంతర్వేది, ఓడలరేవు ముఖాల దగ్గర సముద్రం ఏటిని త్వరగా తీసుకోదు; దిగువ మండలాల్లో నీరు ఇంకా నిలుస్తుంది.

ఇప్పుడు 1986కు వద్దాం. ఆ ఆగస్టు వరద అప్పటిదాకా అందరి లెక్కలనూ దాటిపోయింది. భద్రాచలంలో మట్టం 75.6 అడుగులకు చేరింది. అంతకుముందు పెద్ద వరదగా పెద్దవాళ్లు చెప్పుకునేది 1953 నాటిది. ఆ వరద మట్టానికి సరిపడా ఉన్న గట్లకు 1986 నీరు ఎక్కువే. ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో జరిగిన ఆ నష్టం తర్వాత కొత్త కొలబద్ద వచ్చింది: ఇకమీదట గట్టు 1986 మట్టాన్ని దాటి ఉండాలి. నిర్ణయం సరైనదే. పని మాత్రం ముక్కలుగా సాగింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1986 కన్నా బాగా తక్కువ నీటికి గట్లు మళ్లీ తెగాయి. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ తర్వాత గోదావరి గట్లను పెద్ద ఎత్తున ఎత్తు చేసి, వెడల్పు చేసి, బలపరిచే పని చేపట్టింది. చాలా దూరం పూర్తయింది. 2022లో గట్లు నిలవడానికి ఆ పని ముఖ్య కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఏ ప్రభుత్వం చేసినా మంచి పనిని మంచి పనే అనాలి. కానీ అదే 2022 మరో సంగతి కూడా చెప్పింది. ఆ జూలై రాత్రుల్లో జనం బస్తాలు వేసింది రెండు రకాల చోట్ల: ఎత్తు పని పూర్తికాక మిగిలిపోయిన ముక్కల్లో, ఎత్తు సరిపోయినా ఊటలూ కోతా ఉన్నచోట్ల. మొదటిది గుత్తేదారుతో పూర్తయ్యే పని. రెండోది ఎప్పటికీ పూర్తికాదు.

గట్టు విషయంలో ఎత్తు ఎంత మోసం చేస్తుందో మన దేశంలో బిహార్ కోసీ నది చెప్పినంత గట్టిగా ఇంకేదీ చెప్పలేదు. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుశహా దగ్గర కోసీ గట్టు తెగింది. ఆ గట్టు తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కులకు కట్టింది. తెగిన రోజు ఏట్లో ఉన్నది లక్షన్నరకు లోపే. ఎన్నాళ్లుగానో ఏరు గట్టు పాదాన్ని కోస్తోందని తెలిసి కూడా సరిచేయలేదు. బిహార్‌లో 30 లక్షలమందికి పైగా వరద బారిన పడ్డారు. మన దగ్గర 2009 అక్టోబరులో కృష్ణ గట్టు భట్టిప్రోలు మండలం ఓలేరు దగ్గర తెగింది, 2024 సెప్టెంబరులో బుడమేరు మళ్లింపు కాలువకు మూడు చోట్ల గండ్లు పడి విజయవాడలో పెద్ద భాగం రోజులతరబడి నీళ్లలో ఉంది. ఎక్కడ చూసినా గట్టు మొత్తం ఓడిపోదు. వందల కిలోమీటర్లలో ఒకే ఒక్కచోట ఓడిపోతుంది. ఆ ఒక్కచోటు ఏదో ముందుగా తెలిసి ఉండాలి.

దాన్ని తెలుసుకునేది ఎవరు? ఒకప్పుడు లస్కర్లు. కాలువకూ గట్టుకూ మైళ్లు పంచి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క అప్పగించేవారు. ఎక్కడ తుప్పలు పెరిగాయో, ఏ తూము పలక బిగుసుకుపోయిందో, కిందటి వరదలో ఏ ఇంటి వెనక నీరు ఉబికిందో ఆ మనిషికి తెలుసు. వరదరోజు ఇంజినీరుకు దారి చూపేది అతనే. ఇప్పుడు ఖాళీలు భర్తీ కాక, ఉన్నవాళ్లు పొరుగుసేవల కింద నెలజీతానికి ఎదురుచూస్తూ, ఒక్కొక్కరు చూడాల్సిన నిడివి పెరిగిపోయింది. గట్టు పెంకుటింటి కప్పులాంటిది. ఏటేటా తొలకరికి ముందు ఎక్కి సర్దితేనే ఉంటుంది, ఒకసారి బాగా నేయించాం కదా అని పదేళ్లు వదిలేస్తే ఉండదు. ఎత్తు పెంచడానికి వందల కోట్లు మంజూరవుతాయి, శంకుస్థాపన ఫలకం ఉంటుంది. తుప్ప కొట్టడానికి, బొరియ తవ్వి దిమ్మిస చేయడానికి, తూము పలకకు గ్రీజు పెట్టడానికి బడ్జెట్టు చిన్నది, అదీ ముందుగా కోతపడేది.

గట్టు మీద ఇప్పుడు ఏముందో చూస్తే ఈ నిర్లక్ష్యం ఇంకా స్పష్టమవుతుంది. చాలా దూరం అది రోడ్డు. ఊళ్ల మధ్య దగ్గరిదారి, ఆటోలకు, బడి బస్సులకు అవసరమైన దారి. ఆ మేరకు మంచిదే, వరదలో బస్తాలు చేరవేయడానికీ అదే దిక్కు. కానీ దాని మీదే ఇసుక లారీలు, లంక మట్టి ట్రాక్టర్లు పోతాయి. ఏట్లోకి దిగడానికి గట్టును కోసి బాటలు వేస్తారు. వరద ముందు ఆ కోతలు పూడ్చాలి. పూడ్చిన మట్టి మిగతా గట్టులా గట్టిపడి ఉండదు. వాలు మీద ఇళ్లు, పశువుల పాకలు, పేడకుప్పలు, గడ్డిమేట్లు ఉన్నాయి. అక్కడ ఇల్లు వేసుకున్నవాళ్లలో చాలామంది వేరే సెంటు భూమి లేనివాళ్లు, లేదా లంకలో ఇల్లు ఏరు తీసుకుపోయినవాళ్లు. వాళ్లను ఆక్రమణదారులని పిలిచి ఊరుకోవడం అన్యాయం. వాళ్లకు గట్టు లోపల మెరక స్థలం చూపించకుండా గట్టు బాగుచేయడం కుదరదు.

గట్టు కాపాడుతున్న లోపలి భూమి కథ వేరు. బయటి నీటిని ఆపిన గట్టే లోపలి నీటిని పోనివ్వదు. మురుగు కాలువలు ఏట్లోకి, సముద్రంలోకి దిగేచోట ఉన్న తూముల పలకలు వరద రోజుల్లో మూసేయాలి. ఆ రోజుల్లోనే వాన పడితే చేలలో నడుంలోతు నీరు. 1960ల్లోనే ఎ.సి. మిత్రా నేతృత్వంలోని నిపుణుల సంఘం కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల మీద నివేదిక ఇచ్చింది. అరవై ఏళ్లయింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వరి వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడం ఒక కారణమైతే, ఏటా చేలు మునిగి పోవడం ఇంకో కారణం. దేశమంతా ఇటు తిరిగి చూసింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. డెల్టాకు తలమానికం అనుకున్న సీమలో రైతు నాగలి దించాడంటే అది గట్టు వైఫల్యం కాదు. గట్టు కట్టి మురుగు కాలువను మరిచిపోయిన మన వైఫల్యం. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి సముద్రపు పోటుతో ఉప్పునీరు వెనక్కి తన్ని కేశనపల్లి చుట్టుపక్కల కొబ్బరిచెట్లు మోడులవడం కూడా ఈ కథలోనిదే.

ఇక గట్టుకు అవతల. ఈ మాట చెప్పడానికి మనసు ఒప్పదు గానీ చెప్పాలి: గట్టు కొందరిని కాపాడి కొందరిని బయట పెట్టింది. రెండు గట్ల మధ్య, ఏటి కడుపులో లంకలున్నాయి. జి.పెదపూడిలంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక లాంటి ఊళ్లవాళ్లు ప్రతి వర్షాకాలం పాయ నిండగానే తాత్కాలిక బాట కొట్టుకుపోయి పడవ ఎక్కాల్సిందే. ముక్తేశ్వరం దగ్గర ఎదురుబిడెం కాజ్‌వే, అప్పనపల్లి కాజ్‌వే, చాకలిపాలెం నుంచి కనకాయలంకకు పోయే కాజ్‌వే పత్రికల వరద వార్తల్లో మొదట వచ్చే పేర్లు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అమలాపురంలో ఉన్నవాళ్లకు మొదటి హెచ్చరిక ఒక వార్త. లంకలో ఉన్నవాళ్లకు అప్పటికే బడి మూతపడింది, పాలు రేవు దాటలేదు, పురిటి నొప్పులొస్తే నాటుపడవ తప్ప వేరే దారి లేదు.

పైగా రెండు వైపులా గట్లు ఎత్తుచేసినకొద్దీ వరద పక్కలకు పోలేక మధ్యలోనే లేస్తుంది. ఆ లేచే నీరు లంకల మీదికే వస్తుంది. లోపలివాళ్ల భద్రతకు లంకవాళ్లు ఇలా ఏటా కొంత చెల్లిస్తున్నారు. ఆ లెక్క ఎక్కడా రాయలేదు. లంక చుట్టూ కూడా గట్టు వేయాలన్న కోరిక అప్పుడప్పుడు వస్తుంది. నాకది ప్రమాదకరమనిపిస్తుంది. ఏటి దారిని ఇంకా ఇరుకు చేసి ఎదుటి గట్టు మీద భారం పెంచుతుంది. తెగితే చిన్న తొట్టిలో చిక్కుకున్నట్టు పారిపోవడానికి దారి ఉండదు. లంకలకు కావలసింది వరదకు పైన నిలిచే వంతెనలు, మెరకలో కట్టిన ఆశ్రయ భవనాలు, పశువులకు ఎత్తయిన దిబ్బలు, అరటి, కూరగాయల పంటలకు నీట మునిగిన ఏడాదే చేతికొచ్చే పరిహారం. పెదపూడిలంక పాయ మీద వంతెన కోరిక తరాల నాటిది, 2022 వరద తర్వాతే దానికి కదలిక వచ్చింది.

ఒక్క గట్టునే నమ్ముకున్న దేశాలు ఏం నేర్చుకున్నాయన్నది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అమెరికాలో మిసిసిపీ మీద దశాబ్దాలపాటు గట్లు మాత్రమే చాలన్న విధానం నడిచింది. 1927 వరదలో అది ఘోరంగా విఫలమైంది. 1928 చట్టంతో వరదను కావాలని మళ్లించే మార్గాలు కట్టారు. నెదర్లాండ్స్‌లో 1995లో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, గట్లు ఇంకా ఎత్తు చేయడం మాని ముప్పైకి పైగా చోట్ల ఏటికి జాగా వెనక్కిచ్చారు. ఓవర్‌డీప్ అనే చోట గట్టును వెనక్కి జరిపి, రైతుల ఇళ్లను కొత్తగా పోసిన ఎత్తయిన దిబ్బల మీద మళ్లీ కట్టారు. లంకల్లో పాత ఇళ్లు ఎప్పటినుంచో దిబ్బల మీదే ఉన్నాయి కాబట్టి ఆ ఆలోచన మనకు కొత్తది కాదు. అయితే గట్టును వెనక్కి జరపడం కోనసీమలో దాదాపు అసాధ్యం. 2011 లెక్కల్లోనే ఈ జిల్లాలో సుమారు 17 లక్షల మంది, రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలలో. గట్టు వెనక సెంటు సెంటునా కొబ్బరిచెట్టో ఇల్లో ఉంది. కోత మరీ ముదిరిన కొన్ని వంపుల దగ్గర, ఏటి పాదానికి రాళ్లు పోసి ఫలితం లేదని తేలినచోట మాత్రమే వెనక రెండో గట్టు వేసుకోవడం మంచిది. అదీ వరద ముంచుకొచ్చాక హడావిడిగా వేసే రింగుబండ్‌గా కాదు, భూమికి సరైన ధర ఇచ్చి ముందే వేసే గట్టుగా.

ఎగువన పోలవరం ప్రాజెక్టు వస్తే కోనసీమకు వరద బాధ తీరుతుందని చాలామంది నమ్మకం. ఆ స్పిల్‌వేను 48 గేట్లతో 50 లక్షల క్యూసెక్కులను పంపగలిగేలా కట్టారు. పంపగలగడం వేరు, ఆపగలగడం వేరు. జలాశయం మొత్తం నిల్వ 194 టీఎంసీలు. 2022 జూలై శిఖర ప్రవాహం అలాగే రోజంతా సాగితే ఆ ఒక్కరోజులో వచ్చేది 220 టీఎంసీలకు పైనే. వాడుకోదగ్గ నిల్వ 75 టీఎంసీల వరకే, అంటే ఎనిమిది గంటల నీరు. ముందుచూపుతో కొంత ఖాళీ ఉంచి శిఖరాన్ని కాస్త కోయవచ్చు. పెద్ద వరదను మింగడం దానివల్ల కాదు. పైగా ఎగువన కట్టిన ప్రతి జలాశయం ఒండ్రును ఆపుకుంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం పరిశోధన ప్రకారం 1970ల్లో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెస్తే, 2000 తర్వాత అది ఆరు కోట్ల టన్నులకు దిగువకు వచ్చింది. గట్లు ఆ మిగిలినదాన్ని కూడా పల్లపు చేలలోకి రానివ్వవు. నేల పెరగదు, సముద్రం పెరుగుతోంది. చమురు, సహజవాయువు తోడేయడంతో నేల కుంగుతోందని రైతులు ఎన్నేళ్లుగానో మొరపెట్టుకుంటున్నారు. ఈ మూడూ కలిసి రానున్న కాలంలో గట్టు మీద భారాన్ని పెంచేవే.

కాబట్టి గట్టు ఉండాలి. ఇంకో వందేళ్లయినా ఉండాలి. మిగిలిపోయిన ముక్కల ఎత్తు పని పూర్తిచేయాలి. ఆ తర్వాత డబ్బు పాదం వైపు తిరగాలి. వంపుల దగ్గర రాతి తొడుగులు (రివెట్‌మెంట్లు), ప్రవాహాన్ని పక్కకు తప్పించే అడ్డుకట్టలు (గ్రోయిన్లు) వేయాలి, పాత తూములు తిరిగి కట్టాలి, ఊట ఉన్నచోట గట్టు వెనక మట్టితో బరువు పెంచి వడపోత పొర వేయాలి. గట్టు పనితోపాటే, అదే మంజూరులో, దాని వెనక మురుగు కాలువ పూడిక తీయాలి. లస్కరు ఉద్యోగాలు నింపాలి. గట్టు మీద ఊళ్ల యువకులకే ఆ ఉద్యోగాలివ్వాలి, బుంగ చుట్టూ తొట్టి ఎలా కట్టాలో వేసవిలోనే నేర్పాలి.

వీటికన్నా ముందు చేయగలిగిన పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. 1986, 2006, 2020, 2022 వరదల్లో ఎక్కడ బుంగ పడింది, ఎక్కడ జారింది, ఎన్ని బస్తాలు వేశారు, తర్వాత ఏం బాగుచేశారు అన్నదంతా కిలోమీటరు రాయి వారీగా ఒక పట్టీగా రాయాలి. ఆ సమాచారం రిటైరైన ఇంజినీర్ల, లస్కర్ల జ్ఞాపకాల్లో, ఊళ్ల పెద్దల నోళ్లలో ఇంకా ఉంది. వాళ్లు పోయేలోపు రాసుకోవాలి. ఏటా మే నెలాఖరుకు గట్టు మొత్తం నడిచి, ఆ పట్టీని సరిచేసి, ఏ ఊరి ముక్క ఆ ఊరి సచివాలయం గోడ మీద అతికించాలి. తన పెరడు వెనక గట్టు సంగతి శానపల్లిలంక రైతుకు ఆగస్టు రాత్రి కాక జూన్ మొదట్లోనే తెలియాలి.